నిండు కొలువు ముందు శ్రీనాథుడు: గొంతు వణికే వేళ కొండవీటి కవి ఏం చేశాడు?

శ్రీ సరస్వత్యై నమః



నవరాత్రులు దగ్గర పడుతున్నాయంటే, కార్తీకమాసం వస్తోందంటే చాలామంది తల్లిదండ్రులు ఒకే మాట అంటూ ఉంటారు. మా అమ్మాయి ఇంట్లో ఎంత బాగా పాడుతుందో అండీ, గుళ్ళో ఒంటరిగా పాడేవాళ్ళని ఎంపిక చేసే రోజున మాత్రం నోరు పెగలదు. చేతులు చల్లబడిపోతాయి, మొదటి మాటే మర్చిపోతుంది. పదిమందితో కలిసి భజన పాడమంటే హాయిగా పాడుతుంది, ఒక్కదాన్నే నిలబెట్టి పాడమంటే ఏడుపు ఒక్కటే తక్కువ.

ఇది పిల్లల కష్టం మాత్రమే కాదండీ. ముప్పై ఏళ్ళుగా పాడుతున్న పెద్దవాళ్ళకీ ఉంటుంది. పైకి చెప్పుకోరు, అంతే.

అలాంటివాళ్ళ కోసం ఈ రోజు ఒక మహాకవి జీవితం చెప్పుకుందాం. కవిసార్వభౌముడని పేరు పొందినవాడు, బంగారు నాణేలతో స్నానం చేయించుకున్నవాడు. అంతటివాడికి కూడా ఒక సభలోకి వెళ్ళే ముందు గుండెలో గుబులు పుట్టింది. ఆ గుబుల్ని ఆయన దాచుకోలేదు. పద్యంగా చెప్పాడు. ఆ పద్యం ఆరు వందల ఏళ్ళుగా తెలుగువాళ్ళ నోళ్ళలో నిలిచింది. ఆయనే శ్రీనాథుడు. ఆయన్ని పెంచి పెద్ద చేసిన నేల మన కొండవీడు.

కొండ మీది కొలువు

ఇప్పుడు కొండవీడు పల్నాడు జిల్లాలో ఉంది. ఘాట్ రోడ్డు మీద పైకి వెళితే ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు, కూలిన బురుజులు, గోడల మధ్య పెరిగిన చెట్లు కనిపిస్తాయి. కొండ కింద కత్తుల బావి దగ్గర గోపీనాథస్వామి గుడి ఉంది. సెలవు రోజుల్లో పిల్లలతో వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతాం. కానీ ఒకప్పుడు ఇది ఒక రాజ్యానికి రాజధాని.

1325లో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రెడ్డి రాజ్యం స్థాపించాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చాడు. తర్వాత అనవేమారెడ్డి, కుమారగిరిరెడ్డి ఏలారు. కుమారగిరి వసంతోత్సవాల వైభవం ఎంతటిదంటే ఆయనకి కర్పూర వసంతరాయలని పేరు వచ్చింది. ఆ ఉత్సవాలకి కావలసిన కర్పూరం, సుగంధద్రవ్యాలు సముద్రాల అవతల నుంచి తెప్పించిన వ్యాపారి అవచి తిప్పయ్యశెట్టి. శ్రీనాథుడు తన హరవిలాసాన్ని అంకితం ఇచ్చింది ఈయనకే.

1402 నుంచి 1420 దాకా కొండవీటిని ఏలినవాడు పెదకోమటి వేమారెడ్డి. ఈయన స్వయంగా పండితుడు, సంస్కృతంలో గ్రంథాలు రాసినవాడు. ఇలాంటి రాజు దగ్గర శ్రీనాథుడు విద్యాధికారి. అంటే ఏమిటి? కొలువుకి వచ్చే కవుల్నీ, పండితుల్నీ పరీక్షించాలి. రాజుగారు చేసే దానాలకి శాసనాలు రాయాలి. కొండవీటికి దగ్గరలోనే ఫిరంగిపురం ఉంది కదా, అక్కడ పెదకోమటి వేముడి భార్య సూరాంబ సంతానసాగరమనే చెరువు తవ్వించింది. 1409 నాటి ఆ శాసనంలోని సంస్కృత శ్లోకాలు శ్రీనాథుడివే.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మన పిల్లలు ఎవరిని చూసి భయపడతారు? ఎదురుగా బల్ల వేసుకుని, కాగితం మీద మార్కులు వేసే పెద్దమనిషిని చూసి. శ్రీనాథుడు సరిగ్గా ఆ కుర్చీలో చాలా ఏళ్ళు కూర్చున్నాడు. ఎంతమంది గొంతులు తన ఎదుట వణికాయో ఆయన చూసే ఉంటాడు. రేపు తాను కూడా ఇంకొకరి కొలువులో అలాగే నిలబడాల్సి వస్తుందని అప్పుడు ఊహించి ఉండడు.

చిన్ననాటి సాధన

ఇంతటి పదవి ఊరికే రాలేదు. తండ్రి మారయ, తల్లి భీమాంబ. తాతగారు కమలనాభామాత్యుడు కవి. ఇంట్లో పద్యం వినపడుతూనే ఉండేది. తన సాహిత్య ప్రయాణాన్ని శ్రీనాథుడే కాశీఖండంలో వయసుల వారీగా చెప్పుకున్నాడు. పసివాడిగా ఉన్నప్పుడే మరుత్తరాట్చరిత్ర రాశాడు. మీసాలు వస్తున్న వయసులో శాలివాహన సప్తశతిని తెలుగు చేశాడు. నిండు యవ్వనంలో నైషధం చేశాడు.

ఈ నైషధం సంగతి ఒకటి చెప్పాలి. శ్రీహర్షుడి సంస్కృత నైషధాన్ని పండితుల గర్వానికి మందు అంటారు. అంత కష్టమైన కావ్యం. దాన్ని శృంగార నైషధంగా తెలుగులోకి తెచ్చి మామిడి సింగనామాత్యుడికి అంకితం ఇచ్చాడు. అంటే భయాన్ని గెలవడానికి మొదటి మెట్టు ఈయన జీవితంలో ముందు నుంచే ఉంది. సాధన. ఎన్ని చిట్కాలు చెప్పుకున్నా సాధన లేనివాడికి సభలో ధైర్యం రాదండీ. కానీ, సాధన ఉన్నవాడికి కూడా భయం వస్తుంది. మన కథ అక్కడే మొదలవుతుంది.

కొండవీడు పోయింది

పెదకోమటి వేముడి తర్వాత రాచవేమారెడ్డి నాలుగేళ్ళు ఏలాడు. 1424తో కొండవీటి రెడ్ల పాలన ముగిసిపోయింది. శ్రీనాథుడి వయసు నడిమికి వచ్చింది. ఇల్లు గడవాలి. అలవాటైన కొలువు లేదు, తనని ఎరిగిన రాజు లేడు. నిన్నటి దాకా పరీక్షించినవాడు ఇప్పుడు పరీక్షకి బయలుదేరాలి.

ఆ రోజుల్లో కవి తన పద్యాన్ని కాగితం మీద రాసి పంపించి ఇంట్లో కూర్చునే వీలు లేదు. సభలో నిలబడాలి. అందరూ వింటుండగా గొంతెత్తి చదవాలి. రాగం తప్పకూడదు, మాట తడబడకూడదు, ఎవరైనా ఆక్షేపణ చేస్తే అక్కడికక్కడే జవాబు చెప్పాలి. పక్కన కలిసి పాడేవాళ్ళు ఉండరు. ఈ రోజు మన పిల్లలు ఒక్కరే మైకు ముందు నిలబడటం ఎలాంటిదో అదీ అలాంటిదే. ఓడిపోతే మాత్రం పోయేది బహుమతి కాదు, బతుకుతెరువు.

విజయనగరంలో ఎదురుచూపు

శ్రీనాథుడు విజయనగరం వెళ్ళాడు. అక్కడ ప్రౌఢదేవరాయలు ఏలుతున్నాడు. కొత్త దేశం, కొత్త భాష. రాజదర్శనం వెంటనే దొరకలేదు. ఆ ఎదురుచూపుల్లో ఆయన చెప్పిన చాటుపద్యం ఒకటి మన పెద్దలకి చాలామందికి నోటికి వచ్చు. ఆ కొలువు పద్ధతి ప్రకారం తలకి కుళ్ళాయి పెట్టుకున్నాడట. పెద్ద అంగీ తొడుక్కున్నాడట. వెల్లుల్లి, నువ్వుపిండి తిన్నాడట. అంబలి తాగాడట. రుచి గురించి పట్టించుకోవడం మానేశాడట. ఇన్ని చేసినా కరుణించవా తల్లీ అని కన్నడ రాజ్యలక్ష్మికి మొర పెట్టుకుని, నేను శ్రీనాథుణ్ణి అని గుర్తు చేశాడు.

ఈ పద్యం వినగానే నవ్వొస్తుంది. కానీ లోపల చూడండి, ఎంత బాధ ఉందో. పరీక్ష కన్నా పరీక్ష కోసం వేచి ఉండటమే కష్టం. మన పేరు పిలిచే దాకా బయట వరండాలో కూర్చున్న ఆ అరగంట ఉంటుంది చూడండి, గొంతు ఎండిపోయేది అప్పుడే. వచ్చినవాళ్ళ బట్టలు చూస్తాం, లోపలి నుంచి వినిపించే గొంతులతో మన గొంతు పోల్చుకుంటాం. మనది కాని వేషం వేసుకుని, మనది కాని తిండి తిన్నట్టే ఉంటుంది.

ఇంకో సంగతి గమనించండి. ఆ పద్యంలో మాటలన్నీ ఎలా ఉంటాయంటే, నేను పెట్టుకున్నాను, నేను తొడుక్కున్నాను, నేను తిన్నాను, నేను తాగాను. అన్నీ నేనే. చివరికి నేను శ్రీనాథుణ్ణి. దీన్ని గుర్తుపెట్టుకోండి. మళ్ళీ దీని దగ్గరికే వద్దాం.

చివరికి అవకాశం వచ్చింది. ఎదురుగా ఉన్నది గౌడ డిండిమభట్టు. మహాపండితుడు. ఆయన వస్తుంటే ముందు కంచుఢక్క మోగేది. ఆ ఢక్క చప్పుడుకే సగం మంది పండితులకి మాట పడిపోయి ఉంటుంది. శ్రీనాథుడు ఆయనతో వాదించి గెలిచాడు. ఓటమికి గుర్తుగా ఆ కంచుఢక్కని పగలగొట్టించాడు. ముత్యాలశాలలో దీనారాలతో, టంకాలతో ఆయనకి కనకాభిషేకం జరిగింది. కవిసార్వభౌమ బిరుదు నిలిచింది.

మామూలుగా అయితే ఇక్కడ కథ అయిపోవాలి. ఇంత గెలిచాక ఇంకా భయమేమిటి అనుకుంటాం.

రాచకొండ వాకిట్లో మళ్ళీ గుబులు

తర్వాత శ్రీనాథుడు వెళ్ళాల్సి వచ్చిన కొలువు రాచకొండ వెలమ ప్రభువు రావు సింగభూపాలుడిది. రాచకొండ వెలమలకీ, కొండవీటి రెడ్లకీ తరతరాల పగ. యుద్ధాలు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అలాంటి చోటికి, ఒకప్పుడు కొండవీటి ఉప్పు తిన్న కవి వెళుతున్నాడు. రాజు పెద్ద బుద్ధిశాలి, కొలువంతా పండితులు. ఎవరు ఆదరిస్తారో, ఎవరు తప్పు పట్టడానికి కాచుకుని కూర్చున్నారో తెలియదు.

అప్పుడు కవిసార్వభౌముడు ఏం చేశాడు? తన బిరుదులు తానే చదువుకుని ధైర్యం తెచ్చుకున్నాడా? లేదు. శారదాంబ ముందు నిలబడి ఒక సీసపద్యం చెప్పుకున్నాడు. పద్యాన్ని ఇక్కడ ఇవ్వడం లేదు. దాని లోపలి వరస మాత్రం చూద్దాం. మనకి కావలసిన మందు అందులోనే ఉంది.

సీసపద్యానికి నాలుగు పెద్ద పాదాలు, తర్వాత ఒక చిన్న గీతం ఉంటాయి. శ్రీనాథుడు నాలుగు పాదాల్లో నాలుగు సంగతులు తలుచుకున్నాడు. మొదటిది, ముత్యాలశాలలో జరిగిన బంగారు స్నానం. రెండోది, నైషధాన్ని తెలుగు చేస్తున్నప్పుడు మాటకి దొరికిన తోడు. మూడోది, డిండిమభట్టు కంచుఢక్క పగిలిన సంగతి. నాలుగోది, సార్వభౌమ బిరుదు స్థిరపడిన సంగతి. ఆ తర్వాత వచ్చే గీతంలో ఒకే ఒక్క విన్నపం. ఈ రావు సింగభూపాలుణ్ణి నా చేత ఎలా మెప్పిస్తావో తల్లీ అని.

ఇందులో మూడు విషయాలు ఉన్నాయి.

మొదటిది. ఆ నాలుగు పాదాల్లో ఎక్కడా నేను గెలిచాను అని లేదు. నువ్వు స్నానం చేయించావు, నువ్వు తోడయ్యావు, నువ్వు పగలగొట్టించావు, నువ్వు నిలబెట్టావు. అన్నీ నువ్వే. విజయనగరంలో వేచి ఉన్నప్పుడు చెప్పిన పద్యంలో అన్నీ నేనే అని చెప్పుకున్నాం కదా, ఇక్కడ ఒక్క నేను కూడా ముందుకు రాదు. ఇంత మార్పు! పాట నాది, పేరు నాది, పరువు నాది అనుకున్నంతసేపూ బరువంతా మన గొంతు మీదే ఉంటుంది. ఇది నాకు ఇచ్చినవాళ్ళు ఉన్నారు, నేను దాన్ని అందించి వస్తాను అనుకోగానే ఆ బరువు సగం దిగిపోతుంది.

రెండోది. మెప్పిస్తావా, మెప్పించవా అని ఆయన అడగలేదు. ఎలా మెప్పిస్తావో అన్నాడు. ఈ రెండింటికీ చాలా తేడా ఉందండీ. అవుతుందా, కాదా అనే ప్రశ్న రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. ఎలా అనే ప్రశ్న మనిషిని పనిలో పెడుతుంది. ఏ శ్రుతిలో మొదలుపెట్టాలి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి అని ఆలోచింపజేస్తుంది.

మూడోది నాకు చాలా ఇష్టమైనది. ఆ తల్లిని ఎక్కడ ఉండమన్నాడు? తన వెనకాల కాదు. ఆ నిండు కొలువులోనే కొలువై ఉండమన్నాడు. అంటే, పరాయివాళ్ళతో నిండిన ఆ సభలో తనవాళ్ళు ఒకరు కూర్చుని ఉన్నారని ఆయన ముందే చూసుకున్నాడు. ఇక ఆ సభ మొత్తం పరాయిది ఎలా అవుతుంది? అందులో అమ్మ ఉంది.

మన పాటకి దీన్ని ఎలా వాడుకోవాలి

మీ అమ్మాయి గానీ, అబ్బాయి గానీ ఒంటరిగా పాడటానికి ఎంపికకి వెళుతుంటే, ముందు రోజు సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకోండి. భయపడకు అని మాత్రం అనకండి. ఆ మాటతో భయం ఇంకాస్త పెరుగుతుంది. శ్రీనాథుడంతటివాడికే భయం వేసింది, నీకు వేయడంలో తప్పేముంది అని ఈ కథ చెప్పండి. తర్వాత నాలుగు సంగతులు తలుచుకోమనండి. ఈ పాట ఎవరు నేర్పారు? మొదటిసారి ఎవరు విని బాగుందన్నారు? రానే రాదనుకున్న సంగతి ఏ రోజున గొంతులో పలికింది? ఇదివరకు తడబడినా ఎక్కడ పాట పూర్తి చేసి వచ్చావు? ప్రతిదానికీ ఎవరో ఒకరికి మనసులో దండం పెట్టమనండి. అదే వాళ్ళ సీసపద్యం.

ఇక గొంతు సంగతి. భయం వేసినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. దాంతో శ్రుతి తెలియకుండానే పెంచేసి మొదలుపెడతాం, పైస్థాయికి వచ్చేసరికి గొంతు అందదు. అందుకే వెళ్ళగానే పాట ఎత్తుకోవద్దు. శ్రుతి పెట్టె మోగనివ్వండి. ఊపిరి నిదానంగా బయటికి వదిలి, ఆధార షడ్జం లోపలే ఒకసారి పట్టుకుని, అప్పుడు మొదలుపెట్టమనండి. మొదటి పాదం మాత్రం నిద్రలో లేపినా వచ్చేట్టు సాధన చేయాలి. ఎందుకంటే మనసు బెదిరినా అలవాటు పడిన గొంతు ఆ మొదటి పాదాన్ని దాటిస్తుంది. ఒక్క పాదం దాటితే తర్వాతది దానంతట అదే వస్తుంది.

శ్రీనాథుడికి సీసమంటే ఎంత ఇష్టమో తెలుగువాళ్ళందరికీ తెలుసు. సీసంలో ప్రతి పాదం రెండు భాగాలుగా విరుగుతుంది. సగం దగ్గర ఊపిరికి చోటు ఉంటుంది. పద్యం చదివే పిల్లలైతే ఆ చోట్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోమనండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలిసిన గొంతు తొందరపడదు.

చివరిగా, లోపలికి వెళ్ళాక అక్కడ తనవాళ్ళు ఒకరు కూర్చుని ఉన్నారని అనుకోమనండి. అమ్మవారు కావచ్చు, పాట నేర్పిన అమ్మమ్మ కావచ్చు. ఆ ఒక్కరి కోసం పాడమనండి.

చివరి ప్రయాణం

శ్రీనాథుడి తర్వాతి జీవితం కూడా కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే అమ్మని తలుచుకుంటే అన్నీ విజయాలే అని చెప్పినట్టు అవుతుంది. అది నిజం కాదు. రాజమహేంద్రవరం చేరి భీమేశ్వర పురాణం, కాశీఖండం రాశాడు. కాశీఖండాన్ని వీరభద్రారెడ్డికి అంకితం ఇచ్చాడు. మన పల్నాటి వీరుల కథ పల్నాటి వీరచరిత్రని ద్విపదలో చెప్పింది కూడా ఆయనే అంటారు. అది పాడుకోవడానికి పుట్టిన ఛందస్సు. పల్నాటి వీరుల కథని వీరవిద్యావంతులు ఈనాటికీ కారంపూడిలో గొంతెత్తి పాడుతూనే ఉన్నారు.

కానీ ఆదరించిన ప్రభువులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ముసలితనంలో కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లెలో వ్యవసాయం చేశాడనీ, పంటని కొంత నది తీసుకుపోగా కొంత పక్షులు తినిపోయాయనీ, ఏడు వందల టంకాల పన్ను కట్టలేక ఎండలో శిక్ష అనుభవించాడనీ ఆయన పేరు మీద ఉన్న చాటువులు చెబుతున్నాయి. కనకాభిషేకం జరిగిన ఒంటికే ఆ శిక్ష.

అయినా చివరి పద్యంలో ఆయన ఏమన్నాడో తెలుసా? శ్రీనాథుడు స్వర్గానికి వెళుతున్నాడట. ఆ వార్తకి అక్కడి దేవకవుల గుండెలు దిగ్గుమంటున్నాయట!

చూశారా అండీ. విజయనగరం వాకిట్లో నేను అన్నాడు. రాచకొండ వాకిట్లో నువ్వు అన్నాడు. చివరి వాకిట్లో తనని తానే దూరం నుంచి చూసుకుంటూ, అడుగో శ్రీనాథుడు వస్తున్నాడు అన్నాడు. అక్కడ ఆయన గుండెలో గుబులు లేదు. ఎదురుగా కూర్చున్న వాళ్ళ గుండెల్లో ఉంది. చేతిలో చిల్లిగవ్వ లేదు, వెనక రాజు లేడు. గొంతు ఒక్కటే మిగిలింది. అది వణకలేదు.

ఈసారి కొండవీడు వెళ్ళినప్పుడు ఫొటోలు తీసుకున్నాక ఒక పని చేయండి. కొండ మీద ఆ చెరువు గట్టున మీ పిల్లల్ని నిలబెట్టి, వాళ్ళకి వచ్చిన ఒక పాట గానీ, పద్యం గానీ గొంతెత్తి పాడమనండి. అక్కడ మార్కులు వేసేవాళ్ళు ఉండరు. గాలి, నీళ్ళు, పాత రాళ్ళు వింటాయి. మీరు వింటారు. రేపు ఏ వేదిక ఎక్కినా వాళ్ళు తలుచుకోవడానికి అది ఒక పాదం అవుతుంది.

మీ ఇంట్లో పాడే పిల్లలు ఉంటే ఈ కథ వాళ్ళకి చదివి వినిపించండి. మళ్ళీ వచ్చే వారం ఇంకో మహానుభావుడి జీవితంతో కలుద్దాం.

శుభం.